పాట విడివడిన తీరు : గుడివాడ సీమయందలి గాయకనటుల చరిత్రము

నాట్యమునకు ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము నని నాలుగు తెఱఁగుల యభినయము గలదని భరతాదులు చెప్పియున్నారు. ఈ నాలుగును ఒక్క పాత్రధారియందే నెలకొని యుండవలయునా, లేక వానిలో నొకటిని వేఱొకఁడు నిర్వహింపవచ్చునా యను ప్రశ్న క్రొత్తది కాదు. నాట్యశాస్త్రమునఁ జెప్పఁబడిన ధ్రువాగానము పాత్రధారుల నోటినుండి వెలువడునది గాదు. రంగముపై కుతపస్థానమునఁ గూర్చున్న గాయకులు దానిని పాడుచుండఁగా పాత్రము ప్రవేశించుటయు, నిష్క్రమించుటయు, భావమును ప్రకటించుటయు జరుగుచుండెడిది. కాఁబట్టి పాడువాఁ డొకఁడును ఆడువాఁడు వేఱొకఁడును అగుట మన శాస్త్రమునకు విరుద్ధము గాదు. అయినను ఆంధ్రదేశమున నాటక మనఁగా పద్యమే యనునంతగా గానమును వాచికమును పెనవైచికొని పోయినందున, ఇరువదవ శతాబ్దిలో యంత్రసాహాయ్యముచే పాట నటుని నుండి విడివడినపుడు అది యొక పెద్ద మార్పుగాఁ గనఁబడెను.

ఈ మార్పు తెలుఁగు చలనచిత్రములయందు 1944 మొదలు 1951 వఱకు గల స్వల్పకాలములో స్థిరపడెను. దానితో నెక్కువ సంబంధముగల మువ్వురు, ఘంటసాల వేంకటేశ్వరరావు, అక్కినేని నాగేశ్వరరావు, నందమూరి తారకరామారావు, గుడివాడ పరిసరగ్రామములందు 1922కును 1924కును నడుమ జన్మించినవారే. వారిలో నొకఁడు వేషము విడిచి గాయకుఁడయ్యెను. ఒకఁడు పాట విడిచి నటుఁడయ్యెను. ఒకఁడు మొదటినుండియు పరకంఠముతోడనే తెరపైఁ బాడెను. ఇట్టి విభాగమువలన వాచికాభినయము క్షీణించినదా, లేక వేఱొక చోటికి మాఱి నిలిచినదా యనునది విచారింపఁదగిన విషయము.

హాలీవుడ్డునందలి పూర్వవృత్తాంతము

గాయకుఁడే నటుఁడు కావలయునను నిర్బంధము వాక్చిత్రములతోడనే లోకమంతట వచ్చెను. అమెరికాదేశమున వార్నరు సోదరులు 1927లో ‘ది జాజ్ సింగర్’ అను చిత్రమును వెలువరించిరి. అందు నాయకపాత్రము ధరించిన ఆల్ జాల్సన్ అంతకుముందే రంగస్థలముమీఁద పేరెన్నికగన్న గాయకుఁడు. అతఁడు యంత్రము ముందు పాడుచు నటించుచుండఁగా బొమ్మయు పాటయు నేకకాలమున పట్టఁబడెను. అతని ఖ్యాతికిఁ గారణము ముఖమా, కంఠమా యని విడఁదీసి చెప్పుటకు వీలులేకుండెను. రెండేండ్లకు, 1929 నాఁటి ‘ది బ్రాడ్‌వే మెలడీ’ చిత్రమున నొక ఘట్టమును తిరిగి తీయవలసివచ్చినపుడు, మునుపు పట్టియుంచిన పాటను వినిపించుచు దానికి సరిపడ నటింపఁజేయు పద్ధతి ప్రయోగింపఁబడెను. పాటను ముందుగాఁ బట్టి, ఆటను వెనుకఁ దీయుట సాధ్యమైన పిదప పాడినవాఁడును ఆడినవాఁడును ఒక్కఁడే కానక్కఱలేదు.

అయినను హాలీవుడ్డువారు దీనిని మఱుఁగుపఱచుటకే చూచిరి. 1956లో ‘ది కింగ్ అండ్ ఐ’, 1964లో ‘మై ఫెయిర్ లేడీ’ చిత్రములందు నాయికలకు మాఱుగాఁ బాడిన మార్నీ నిక్సన్ పేరు ఆ చిత్రముల తెరలపైఁ గనఁబడదు. నటికి పాట రాదని తెలిసినచో ప్రేక్షకుని నమ్మకము చెడునని వారి భయము.

భారతదేశమున కీ పద్ధతి 1935లో కలకత్తా న్యూ థియేటర్సువారి వలన వచ్చెను. నితిన్ బోస్ దర్శకత్వమున ‘భాగ్యచక్ర’ యను వంగచిత్రమునందును, దాని హిందీరూపమైన ‘ధూప్ ఛావ్’ నందును రాయ్‌చంద్ బొరాల్ దీనిని నెలకొల్పెను. కాలక్రమమున నిచటఁ గలిగిన ఫలము హాలీవుడ్డునకు విపరీతము. ఇచట గాయకుని పేరు నటుని పేరుతో సమానముగ జనుల నోళ్ళ నానెను. తెలుఁగునాఁట నిట్లగుటకుఁ గారణము తెలియవలెనన్నచో కృష్ణానది సముద్రమునఁ గలియు సీమయొక్క కళాచరిత్రమును కొంత చూడవలయును.

దిగువ కృష్ణాసీమ

బందరున 1869లో జన్మించిన రఘుపతి వెంకయ్య చెన్నపట్టణమున ఛాయాచిత్రవృత్తి నవలంబించి, 1910 ప్రాంతమున ‘క్రోనోమెగాఫోను’ అను యంత్రమును తెప్పించి ఆంధ్రదేశమునందును, బర్మా సింహళములందును ప్రదర్శించెను. ఆ యంత్రమున బొమ్మ ఫిలిముపైనను, ధ్వని గ్రామఫోను రికార్డుపైనను ఉండును. రెండింటిని సరిపడు వేగమునఁ ద్రిప్పినపుడు బొమ్మయే పాడినట్లు తోఁచును. దేహ మొకచోటను కంఠ మొకచోటను ఉండి, చూపఱకు రెండును ఒకటిగాఁ దోఁచు వింతను తెలుఁగు ప్రేక్షకులు వాక్చిత్రములకు ఇరువదేండ్ల ముందే చూచియుండిరి. ఆ వింతను వారికిఁ జూపినవాఁడు బందరున పుట్టినవాఁడగుట గమనింపఁదగినది.

బందరుకు పడమట, క్షేత్రయ్యకు జన్మస్థానమని చెప్పఁబడు మొవ్వకు సమీపమున కూచిపూడి యున్నది. అచటి భాగవతుల కలాపములందు పాత్రధారి ప్రవేశదరువును తానే పాడుచు నాడును. సూత్రధారుఁడు తాళము పట్టి, వంతపాట నందించుచు, నడుమ నడుమ సంభాషించును. అనఁగా పాట యచట పూర్తిగా నటునిదియుఁ గాదు, పూర్తిగా పరునిదియుఁ గాదు. ఒకే గీతము ఇరువురి కంఠములందు సంచరించుచుండును. ఈ సంప్రదాయమును ఎఱిఁగిన జనులకు, పాడువాఁడు కనఁబడకుండుట యంత యెబ్బెట్టుగాఁ దోఁపకుండుట సహజము.

దక్షిణమున, కృష్ణానది రెండు పాయలుగాఁ జీలిన నడుమ నున్న దివిసీమ శాస్త్రీయసంగీతమునకు నెలవు. పెదకళ్ళేపల్లి వాస్తవ్యుఁడైన సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి, త్యాగరాజస్వామికి బంధువును శిష్యుఁడునగు మానాంబుచావడి వేంకటసుబ్బయ్య యొద్ద సంగీతమభ్యసించి, ఆ శిష్యపరంపరను తెలుఁగుగడ్డకుఁ గొనివచ్చెను. దివి తాలూకా శ్రీకాకుళమునకుఁ జెందిన పారుపల్లి రామకృష్ణయ్యపంతులు ఆయన శిష్యుఁడు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ పంతులుగారి శిష్యుఁడు. పెదకళ్ళేపల్లి శాస్త్రిగారి మనుమఁడు, తాతపేరే గల సుసర్ల దక్షిణామూర్తి, తరువాతి కాలమున చలనచిత్రసంగీతదర్శకుఁడయ్యెను.

ఇఁక సాహిత్యవిషయమున, తిరుపతి వేంకటకవులలో నొకఁడగు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి బందరు హిందూ ఉన్నతపాఠశాలలో పండితుఁడై యుండెను. ఆ జంటకవుల పాండవోద్యోగ విజయముల పద్యములు అక్షరాస్యులు కాని పల్లెప్రజల నోళ్ళకును ఎక్కినవి. 1902లో బందరున వెలసి, 1907 మొదలు 1945 వఱకు ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వమున నడచిన కృష్ణాపత్రిక చలనచిత్రవిమర్శమునకు కూడ తావిచ్చెను. ఆ పత్రికలో ‘సినిమా ఫాన్’ అను పేరిట విమర్శలు వ్రాసిన బందరువాసి కమలాకర కామేశ్వరరావు పిదప ప్రసిద్ధదర్శకుఁడయ్యెను. ఇట్లు నాట్యము, సంగీతము, పద్యము, విమర్శము నాలుగును కొలఁది క్రోసుల మేరలో నొండొంటికి చేరువై యున్న సీమ యిది.

రంగస్థలమునుండి వాక్చిత్రమునకు

తెలుఁగు రంగస్థలమున గాయకుఁడు గానివాఁడు నాయకుఁడగుట యరుదు. మైలవరము రాజావారి నాటకసమాజమున యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి మొదలగువారు పద్యపఠనముచేతనే ప్రజల నాకర్షించిరి. మైక్రోఫోనులు లేని కాలమున కడపటి వరుసలోనివానికి సయితము వినఁబడవలెనన్న కంఠమును హెచ్చుశ్రుతిలో నెత్తక తప్పదు. పద్యము ముగిసిన పిదప దీర్ఘమైన రాగాలాపనము, ప్రేక్షకులు ‘వన్స్‌మోర్’ అని కేకవేయుట, చనిపోవలసిన పాత్రము సయితము లేచి పద్యమును మరలఁ జదువుట, ఇవి నాఁటి రంగమునకు సామాన్యములు. ఇందు గానసౌఖ్యము కలదు. కాని పదవిభాగము చెడి, సమాసము నడుమ విఱిగి, అర్థము రాగమున మునిఁగిపోవుట పండితులకు తఱచు మనఃక్లేశము గలిగించెను.

1932 ఫిబ్రవరి 6న విడుదలయైన ‘భక్తప్రహ్లాద’ మొదటి తెలుఁగు వాక్చిత్రము. హెచ్. యం. రెడ్డి దర్శకత్వమున, సురభి నాటకసమాజమువారితో నిది బొంబాయిలో తీయఁబడెను. రంగస్థలమందలి పద్యము, కంఠము, అంగవిన్యాసము యథాతథముగ తెరకెక్కెను. తరువాతి పది పండ్రెండేండ్లు చిత్రనాయకుఁడన్న పాడఁగలవాఁడే. చిత్తూరు నాగయ్య యీ సంప్రదాయమునకు పరాకాష్ఠ. ‘పోతన’ (1942), ‘త్యాగయ్య’ (1946), ‘యోగి వేమన’ (1947) చిత్రములందు ఆయన నటనమును గానమును విడఁదీయరానివి. యం. యస్. రామారావు ప్రభృతులు నేపథ్యగానము నారంభించినను, నాయకుఁడు తన పాట తానే పాడుట యప్పటికి నియమము వంటిదై యుండెను.

వేంకటేశ్వరరావు బాల్యము, విద్య

ఘంటసాల వేంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న గుడివాడ సమీపమందలి చౌటపల్లిలో జన్మించెను. ఇంటిపేరైన ఘంటసాల, దివి తాలూకాయందలి ప్రాచీన బౌద్ధక్షేత్రము పేరు; శాసనములందు ‘కంటకసేల’ యనియు, టాలెమీ గ్రంథమున దానికి సమీపరూపముననుఁ గనఁబడు రేవుపట్టణ మదియే యని చరిత్రకారులు నిర్ణయించిరి. తండ్రి సూరయ్య మృదంగవాదకుఁడు, నారాయణతీర్థుల తరంగములు పాడు భాగవతుఁడు. తండ్రి తరంగములు పాడుచుండఁగా బాలుఁడు నృత్యము చేయుచుండెడివాఁడు. ఆటయు పాటయు ఒక్క యింట నున్నను ఇరువురియందుండిన యా దృశ్యము ఈ గాయకుని జీవితమునకు నాందివంటిది.

బాల్యముననే తండ్రి గతించెను. కుమారుఁడు సంగీతవిద్వాంసుఁడు కావలెనని తండ్రి కడపటి కోరిక. మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య కుటుంబమునకు ఆధారమయ్యెను. గురుకులవాసమున పండితుల యిండ్ల చాకిరియేగాని పాఠము సాగకపోవుటచే, వేంకటేశ్వరరావు చేతి యుంగరము నమ్ముకొని విజయనగరము చేరెను. అచటి మహారాజసంగీతకళాశాల 1919లో స్థాపింపఁబడినది. హరికథాపితామహుఁడైన ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి యధ్యక్షుఁడు. గానము, నృత్యము, అభినయము, కవిత్వము నాలుగును ఒక్కనియందే పండిన దాసుగారి తరువాత ద్వారము వేంకటస్వామినాయుఁడు ఆ పదవి నందెను. నాయుఁడుగారి యాదరమునను, పట్రాయని సీతారామశాస్త్రి యొసఁగిన యుచితవిద్యవలనను వేంకటేశ్వరరావు చదువు సాగించెను. మధుకరమెత్తి కడుపు నింపుకొన్న దినములును ఆ కాలమునఁ గలవు. పట్టము పొంది యింటికి మరలిన పిమ్మట కచేరీలు చేయుచు, పాఠములు చెప్పుచు, నాటకములందు వేషములు ధరించుచు జీవించెను. 1942లో క్విట్ ఇండియా యుద్యమమునఁ బాల్గొని బళ్ళారి సమీపమున అలీపురము కారాగృహవాస మనుభవించెను.

1944లో సావిత్రితో ఆయనకు వివాహమయ్యెను. కృష్ణకు పడమటిగట్టున, రేపల్లె ప్రాంతమందలి పెదపులివఱ్ఱు ఆమె పుట్టినిల్లు. చలనచిత్రకవి సముద్రాల రాఘవాచార్యుని స్వగ్రామమును అదియే. ఆచార్యుఁడు ఈ యువకుని పాట విని చెన్నపట్టణమునకు రమ్మని ప్రోత్సహించెను. చెన్నపట్టణమున తొలుత నిలువ నీడ దొరకుటయే కష్టమైనను, క్రమముగ ఆకాశవాణియందును గ్రామఫోను రికార్డులందును అవకాశములు లభించెను.

నాగేశ్వరరావు : స్త్రీవేషధారి, గాయకుఁడు

గుడివాడకు మఱియొక దిక్కున, నందివాడ ప్రాంతమందలి వేంకటరాఘవాపురమున జన్మించిన అక్కినేని నాగేశ్వరరావు బాల్యమునుండి రంగస్థలమున స్త్రీవేషములు ధరించెను. పెయ్యేరు గ్రామస్థుఁడైన దుక్కిపాటి మధుసూదనరావు నడపిన ఎక్సెల్షియర్ నాటకసమాజము ఆయనకు శిక్షణశాల. స్త్రీవేషధారి కుండవలసిన ముఖ్యగుణములు రెండు: మృదువైన నడక, శ్రావ్యమైన కంఠము. కావున నాగేశ్వరరావు పాడనేర్చిన నటుఁడే. ‘ధర్మపత్ని’ (1941)లో నొక చిన్నవేషము తరువాత, దర్శకుఁడు ఘంటసాల బలరామయ్య బెజవాడ రైలుస్టేషనులో ఆయనను చూచి ‘సీతారామజననము’ (1944)న శ్రీరామపాత్ర మిచ్చెను. ఆ చిత్రమున రాముని పాటలు రాముఁడే పాడెను.

ఆ చిత్రముననే చౌటపల్లి వేంకటేశ్వరరావు ఒక చిన్న వేషము వైచి, బృందగానమునఁ గంఠము గలిపెను. దర్శకునకును ఈయనకును ఇంటిపేరొక్కటియైనను ఊరు వేఱు. ఇట్లు 1944లో ఒకే చిత్రమున గుడివాడ సీమకుఁ జెందిన యిరువురు యువకులు, ఇరువురును నటగాయకులుగానే, ప్రవేశించిరి. ఒకఁడు ముందు వరుసలో, ఒకఁడు వెనుక వరుసలో నుండిరి. నాలుగేండ్లలో వారి మార్గములు వేఱు కానున్నవని నాఁడు ఊహించుటకు వీలులేదు.

విభాగము

1945లో బి. యన్. రెడ్డి ‘స్వర్గసీమ’లో వేంకటేశ్వరరావు నేపథ్యగాయకుఁడుగా పాడెను. ‘త్యాగయ్య’, ‘యోగి వేమన’ చిత్రములందు నాగయ్యవంటి సంపూర్ణ నటగాయకుని చెంత చిన్నవేషములు వైచెను. నాగేశ్వరరావు తన తొలిచిత్రములందు తన పాటలు తానే పాడుచుండెను. 1948లో బలరామయ్య ‘బాలరాజు’ చిత్రమును తీసెను. అందు నాగేశ్వరరావునకు వేంకటేశ్వరరావు కంఠమిచ్చెను. చిత్రము మిక్కిలి జయప్రదమయ్యెను. పాడఁగల నటుఁడు పాటను మఱియొకనికి విడిచిపెట్టుట, ఆ మఱియొకఁడు వేషము నాశింపక పాటనే స్వీకరించుట, ఈ రెండును అచటఁ గలసినవి. తెలుఁగుచిత్రసీమలో నటగాయకుని యుగము ముగియుటకు దీనిని సంధిస్థానముగఁ జెప్పవచ్చును.

మఱుసటి యేఁడు ‘మనదేశము’ (1949) చిత్రమునకు వేంకటేశ్వరరావు సంగీతదర్శకుఁడు. కృష్ణవేణి నిర్మించి, ఎల్. వి. ప్రసాద్ దర్శకత్వము వహించిన యీ చిత్రముననే పామఱ్ఱు సమీపమందలి నిమ్మకూరు గ్రామస్థుఁడు నందమూరి తారకరామారావు పోలీసు అధికారి వేషమున తొలిసారి తెరపైఁ గనఁబడెను. ఆ యేఁడే ‘కీలుగుఱ్ఱము’న వేంకటేశ్వరరావు సంగీతమునకు నాగేశ్వరరావు నాయకుఁడు. 1951లో ‘పాతాళభైరవి’తో తారకరామారావు ప్రఖ్యాతుఁడయ్యెను, అందును సంగీతము, కంఠము వేంకటేశ్వరరావువే. ఇఁక చిత్రనాయకుఁడు కాఁగోరువానికి సంగీతము అక్కఱలేకపోయెను. ఒక్క గాయకుఁ డిరువురు నాయకులకుఁ గంఠమయ్యెను.

ఇందొక నష్టము లేకపోలేదు. రంగస్థలమున జీవితమంతయు కంఠమును సానపట్టిన నటులకు చిత్రసీమలో నాయకస్థానము మూసికొనిపోయెను. రూపములేని గాయకునకు ద్వారము తెఱవఁబడెను గాని, రూపము చాలని నటగాయకునకు ద్వారము మూయఁబడెను. అప్పటికప్పుడు, ప్రేక్షకుల యెదుట, పద్యమున క్రొత్త సంగతి పుట్టించు స్వాతంత్ర్యము యంత్రముచే ముందే పట్టఁబడిన పాటకు లేదు. ఈ నష్టమును తక్కువచేసి చెప్పుట చరిత్రకారునకు తగదు.

వాచికము ఎక్కడికిఁ బోయెను?

అయినను వాచికాభినయము నశించెననుట సరికాదు. అది గాయకునియందు నిలిచెను. నేపథ్యగాయకుఁడు కేవలము స్వరములను పలికినచో, తెరపై పెదవులు కదల్చువాఁడు బొమ్మవలె నుండును. పాత్రముయొక్క వయస్సు, కులశీలములు, మనఃస్థితి, పలుకుబడి, ఊపిరి యన్నియు గాయకునికి తెలిసియుండవలెను. చిన్నవేషములనైనను ధరించిన వేంకటేశ్వరరావునకు ఈ యెఱుక స్వానుభవమున లభించెను. నాగేశ్వరరావునకుఁ బాడునపుడొక తీరునను, తారకరామారావునకుఁ బాడునపుడు మఱియొక తీరునను కంఠమును నడపుట యందఱును గుర్తించినదే. ‘దేవదాసు’ (1953) ఇందుకు నిదర్శనము. కూచిపూడి వాఁడైన వేదాంతము రాఘవయ్య దర్శకత్వమున, సి. ఆర్. సుబ్బరామన్ సంగీతమున, నాగేశ్వరరావు కన్నులలోని మత్తును నిరాశను వేంకటేశ్వరరావు కంఠము మోసెను. ఆ పాత్రము ఇరువురు కలసి ధరించినదనుటయే సమంజసము.

పద్యవిషయమున నీ లాభము మఱింత స్ఫుటము. మైక్రోఫోను వచ్చిన పిదప హెచ్చుశ్రుతి యనావశ్యకమయ్యెను. సన్నని పలుకును, లోగొంతును, విరామమును గూడ వినవచ్చును. గ్రామఫోను రికార్డున నొకవైపు సుమారు మూఁడు నిమిషములే కాలమగుటచే దీర్ఘాలాపనమునకుఁ దావు తక్కువ. ఈ రెండు యంత్రనియమములను వేంకటేశ్వరరావు పద్యమునకు అనుకూలముగ మలఁచుకొనెను. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి రచించిన పుష్పవిలాపము, కుంతీకుమారి పద్యములను ఆయన రికార్డులకుఁ బాడిన తీరున పదము పదముగ వినఁబడును. యతిస్థానము చెవికిఁ దగులును. రాగము అర్థమును వెంబడించునే గాని దానిని త్రోసిపుచ్చదు. ఆ రికార్డులు విని పద్యమును కంఠస్థము చేసినవా రసంఖ్యాకులు. రంగస్థలపద్యమునుగుఱించి పండితులు చేసిన ఫిర్యాదునకు సమాధానము రంగమునుండి రాలేదు; రికార్డునుండి వచ్చెను.

1963 నాఁటి ‘నర్తనశాల’ యీ చరిత్రమున విశేషమైన యుదాహరణము. దర్శకుఁడు బందరు కమలాకర కామేశ్వరరావు, సంగీతదర్శకుఁడు పెదకళ్ళేపల్లి సుసర్ల దక్షిణామూర్తి, బృహన్నల తారకరామారావు. నాట్యాచార్యయైన బృహన్నల గానమునకు సుసర్లవారి శిష్యపరంపరకుఁ జెందిన బాలమురళీకృష్ణ కంఠము నేర్పఱచిరి. ఆ బృహన్నలయే ఉత్తరునకు కౌరవవీరులను చూపి వర్ణించునపుడు తిక్కన విరాటపర్వపద్యము వేంకటేశ్వరరావు కంఠమున వెలువడెను. వేష మొక్కటి, దేహ మొక్కటి, కంఠములు రెండు. పేడిరూపము మాటున నర్జునుఁడు దాఁగియున్న ఘట్టమున కంఠభేదము ఔచిత్యమునకు భంగము గాక పోషకమే యయ్యెను. నటుఁడే గాయకుఁడైనచో నిట్టి కల్పన సాధ్యము గాదు.

మఱియొక యుదాహరణము ‘శ్రీకృష్ణావతారము’ (1967). ఇదియు కామేశ్వరరావు దర్శకత్వముననే వెలువడెను. రాయబారఘట్టమున తిరుపతి వేంకటకవుల పద్యములను వేంకటేశ్వరరావు పాడఁగా తారకరామారావు అభినయించెను. బందరు పాఠశాలలో పండితుఁడై యుండిన కవి పద్యము, బందరువాఁడైన దర్శకుని కూర్పు, చౌటపల్లివాని కంఠము, నిమ్మకూరువాని యాకారము ఒక్కచోఁ గూడినవి. అదివఱకు ఒక్క నటునియందు రాశిగానుండిన విద్య నలువురయందు పంపకమై, తెరమీఁద మరల నొక్కటియయ్యెను.

మరల వేషము

నటనము విడిచిన గాయకుఁడు మఱియొకమాఱు తెరపైకి వచ్చుట యీ కథకు తగిన పరిణామము. పి. పుల్లయ్య దర్శకత్వమందలి ‘శ్రీవేంకటేశ్వరమాహాత్మ్యము’ (1960)న వేంకటేశ్వరరావు స్వామిసన్నిధి భక్తగాయకుఁడుగా స్వయముగఁ గనఁబడి పాడెను. అచట కంఠమునకు దేహము మరల లభించెను. అయితే అది పాత్రధారిగాఁ గాదు, గాయకుఁడుగానే. పదునాఱేండ్ల క్రిందట చిన్నవేషము కొఱకు నిలిచిన మనుష్యుని, ఇప్పుడు పాటకొఱకే తెర పిలిచెను.

1967లో ‘రహస్యము’ చిత్రమున ‘గిరిజాకల్యాణము’ అను యక్షగానము చేర్పఁబడెను. రచన మల్లాది రామకృష్ణశాస్త్రిది, సంగీతము వేంకటేశ్వరరావుది, దర్శకత్వము వేదాంతము రాఘవయ్యది, చిత్రనాయకుఁడు నాగేశ్వరరావు. కూచిపూడి ఫక్కిలో నడచిన యా యక్షగానమునకు సూత్రధారుని తాళమును, పాత్రముల దరువులును, పలువురి కంఠములును అంగములైనవి. ఏ సంప్రదాయమున పాట ఇరువురి నడుమ సంచరించెనో, ఆ సంప్రదాయమే యంత్రముద్వారా మరల వినఁబడెను.

వేంకటేశ్వరరావు ‘పరోపకారము’ (1953), ‘సొంతఊరు’ (1956), ‘భక్త రఘునాథ్’ (1960) చిత్రములను నిర్మించెను. శతాధికచిత్రములకు సంగీతము కూర్చెను. 1970లో పద్మశ్రీ బిరుదమును పొందెను. 1974 ఫిబ్రవరి 11న చెన్నపట్టణమున పరమపదించెను. ఆయన పాడిన భగవద్గీత రికార్డు మరణానంతరము వెలువడి యింటింట వినఁబడెను. తారకరామారావు 1996లోను, నాగేశ్వరరావు 2014లోను గతించిరి.

హాలీవుడ్డున పాటపాడినవారి పేరు దాఁచఁబడుటకును, తెలుఁగునాఁట అది నటుని పేరుతో సమానమగుటకును గల కారణ మిప్పుడు స్పష్టము. అచట గానము పాత్రమునకు అలంకారము. ఇచట పద్యమే పాత్రమునకు వాక్కు. వాక్కు నిచ్చినవానిని మఱచుట యీ జాతికి సాధ్యముగాలేదు. నటగాయకుఁడు పోయెనని వగచుట న్యాయమే. కాని యతని విద్య పోలేదు. అది రెండు దేహములందు పంపకమై, ఒకదానిని కన్నులకును ఒకదానిని చెవులకును అప్పగించెను. చెవుల కప్పగింపఁబడిన భాగమువలన పద్యము మఱి యొక తరమునకు జీవించెను. గుడివాడ సీమవారి యీ కృషిని తెలుఁగు పద్యచరిత్రమునందు నొక ప్రకరణముగ నెన్నుట యుచితము.